పిట్ట ముట్టలేదు

పోయిన నెల మా పెద్ద బావ కాలం చేశాడు. డెబ్బయి దాటిన మనిషి. సోలాపూర్‌లో మిల్లు నడిచినన్నాళ్లు మిల్లులో, అది మూతపడ్డాక పవర్‌లూమ్ కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ మీద టవళ్లు నేసి ముగ్గురు పిల్లల్ని సాకాడు.

మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టడానికి పోయాం. మన ఇళ్లల్లో ఈ తంతు తెలియనివాళ్లు లేరు. మన మరాఠీ ఇరుగుపొరుగు పదో రోజు చేస్తారు, కాకస్పర్శ అంటారు. ఎంతకూ కాకి రాకపోతే వాళ్లు దర్భతో కాకిని చేసి ముట్టిస్తారు. మా ఇంట్లో ఆ అలవాటు లేదు, ఎండలో నిలబడి బతిమాలుకోవాల్సిందే.

విస్తట్లో అన్నం, కోడికూర, జొన్నరొట్టె, పల్లీల చట్నీ, పక్కన చాయ్ గ్లాసు, బీడీ కట్ట, కాస్త మందు కూడా. వేపచెట్టు మీద రెండు కాకులున్నాయి. ఒక్కటీ దిగదు.

"మనసుల ఏం పెట్టుకొని పోయిండో" అన్నారెవరో. ఇక మొదలైంది.

పెద్దకొడుకు ముందుకొచ్చి, "నాయినా, చెల్లె పెండ్లి నేను చేస్త, రంది పెట్టుకోకు" అన్నాడు. కాకి కదల్లేదు. చిన్నోడు మందు మానేస్తానన్నాడు. కాకి అటు తిరిగి కూర్చుంది. (నవ్వు ఆపుకోలేక ఒకరిద్దరు దగ్గారు, నేనూ దగ్గాను.) భివండి నుంచి వచ్చిన తమ్ముడికి బావతో ఏడేళ్లుగా మాటల్లేవు, ఊళ్లో ఇంటి జాగా పంచాయితీ. ఆయన చేతులు జోడించి, "అన్నా, ఆ జాగ నీ పోరగాండ్లకే ఇడిసిపెడుత" అని బోరున ఏడ్చాడు. ఆ మాట వినాలని బావ ఏడేళ్లు చూశాడు. విన్నది కాకి.

మా అక్క ఒక్కతే నోరు తెరవలేదు.

నా సంగతీ చెప్పాలి. నాలుగేళ్ల కింద మా బిడ్డ ఆసుపత్రి ఖర్చుకు బావ దగ్గర ఎనిమిది వేలు తెచ్చుకున్నాను. కాగితం లేదు, సాక్షి లేదు. ఆయన ఒక్కనాడూ అడగలేదు. పోయినప్పుడల్లా "బిడ్డ మంచిగున్నదా?" అనేవాడు, అంతే. రాను రాను ఆ మాట నా చెవికి "పైసలేవి?" అన్నట్టు వినబడసాగింది. పోవడం తగ్గించాను. మోకాళ్లు పట్టేసి ఆయన మంచంలో ఉన్న ఏడాదిలో రెండే సార్లు పోయాను.

ఆ చెట్టు కింద నాకు ముందు తోచింది ఏమిటో తెలుసా? ఇక ఈ బాకీ సంగతి ఎవరికీ తెలియదు, అని. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ తర్వాతే, "అక్కకు ఇచ్చేస్త బావా" అని లోపల్లోపల అనుకున్నాను.

కాకి అప్పుడూ దిగలేదు. చివరికి ఒక ముసలాయన, "ఇంతమంది మీదపడి నిలబడితే అదెట్ల దిగుతది? ఎనకకు జరుగుండ్రి" అని కసిరాడు. ఇరవై అడుగులు వెనక్కి పోయామో లేదో, దిగి ఒక కూరముక్క పట్టుకుపోయింది. తర్వాత చాయ్ దగ్గర తమ్ముడేమో తన మాటకే దిగిందన్నాడు, పెద్దకొడుకు తన మాటకే అన్నాడు. నేను పైకి అనలేదు గానీ అనుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్క నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "ఆ ఎనిమిది వేలకు ఫికరు చెయ్యకు తమ్మీ. మీ బావ అప్పుడే చెప్పిండు. అడగొద్దన్నడు" అంది.

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

"ఇంటికెందుకొస్తలేడని మాత్రం అడిగేటోడు."

పదకొండో రోజు దినాలకు పైసలు తీసుకుపోయాను. అక్క వద్దనలేదు. బీడీలు చుట్టి చుట్టి కాయలు కాసిన వేళ్లతో లెక్కపెట్టి, మూలనున్న చాట కింద పెట్టింది. తలెత్తి, "బిడ్డ మంచిగున్నదా?" అని అడిగింది.