బుడమేరుకు మరమ్మతు ఒక్కటే చాలదు

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వాగు మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడి, విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. సైన్యం సాయంతో గండ్లు పూడ్చారు. శాశ్వత పనులకు కేంద్రం నుంచి చేయూత కోరడం న్యాయమే. ఒక నగరపాలక సంస్థ మోయగల భారం కాదిది. కానీ గ్రాంటు వచ్చాక కట్టలపై మట్టి పోసి సరిపెడితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కృష్ణ పోటెత్తినప్పుడు మళ్లింపు కాలువ నీరు నదిలోకి సాఫీగా దిగదు. అందుకే కొల్లేరు వైపు సాగే పాత వాగుకు దాని వెడల్పు తిరిగి దక్కాలి. ఆక్రమణల తొలగింపు, అక్కడి పేదలకు ముందుగానే పునరావాసం, ఏటా పూడికతీత కేంద్రానికి పంపే ప్రతిపాదనలోనే ఉండాలి. పనులు మొదలయ్యేలోగా వాగు హద్దులు తేల్చి, ఆ పటాన్ని ప్రజల ముందు పెట్టాలి.