కొండ పక్కన సిమెంటు పుట్టగొడుగు

వేసవి సెలవులొస్తే డోన్‌లో మాకో పరీక్ష. హైదరాబాద్ నుంచి చుట్టాలు జంక్షన్‌లో రైలు దిగుతారు. రెండో రోజుకల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. 'ఇక్కడ చూడ్డానికి ఏముంది?'

పోయిన వేసవిలో మా అక్క కొడుకు అలాగే అడిగితే బేలం గుహలకు బయల్దేరాం. 'నేనూ వస్తా పదండ్రా' అంటూ మా పెదనాయన కారెక్కాడు. డెబ్బై దాటినాయన. ఒకప్పుడు మిద్దెలు కట్టిన మేస్త్రీ.

బేతంచెర్ల చుట్టుపక్కల రోడ్డు పొడవునా నాపబండల దొంతరలే. బనగానపల్లె, కొలిమిగుండ్ల దాటి బేలంలో దిగాక వాడు నాలుగు దిక్కులా చూసి, 'మామా, గుహ ఏదీ? కొండే లేదు కదా!' అన్నాడు.

వాడి తప్పేం లేదు. గుహ అంటే కొండకు నోరు తెరిచినట్టు ఉండాలని అనుకుంటాం. అరకు దారిలోని బొర్రా గుహలు అలాగే ఉంటాయి. బేలంలో పైన ఉన్నది చదునైన నేల. అందులో బావిలాంటి గొయ్యి. 'బిలం' అన్న మాటే బేలం అయిందంటారు. మెట్లు దిగితే కింద మరో లోకం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. ఇప్పటికి తెలిసిన పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా సందర్శకులు నడవొచ్చు. బాగా లోతున ఉన్న పాతాళగంగ, పైనున్న గుమ్మానికి 46 మీటర్ల కింద ఉంది. పర్యాటక శాఖ దీన్ని జనం కోసం తెరిచింది 2002లో.

ఇంత అద్భుతాన్ని నేల తన కడుపులో దాచుకుని పైకి ఏమీ తెలియనట్టు పడుకుంది. అలాంటి చోట మనిషి ఏం కట్టాలి? ఎలా కట్టాలి?

ఏమీ కట్టొద్దంటే కుదరదు. మే నెల ఎండలో చంటిబిడ్డతో వచ్చిన తల్లికి నీడ కావాలి. ఆడవాళ్లకు మరుగుదొడ్డి, పెద్దవాళ్లకు కూర్చోవడానికి అరుగు, అందరికీ మంచినీళ్లు కావాలి. చిక్కల్లా అవి కట్టే తీరులోనే ఉంది. మీరూ చూసే ఉంటారు. ఎక్కడో ఓ చక్కటి కొండ ఉంటుంది. దాని పక్కన సిమెంటుతో చేసిన ఎర్రటి పుట్టగొడుగు, దాని కింద చెట్టు మొద్దులా రంగేసిన సిమెంటు బెంచీ, చెత్త వేయడానికి నోరు తెరిచిన సిమెంటు కుందేలు. ప్రకృతిని చూద్దామని వచ్చినవాడికి ముందు ప్రకృతి బొమ్మలు చూపించి పంపిస్తాం.

ఆ మాటే పెదనాయనతో అంటే నవ్వాడు. 'ఈ రాయిని కాల్చకుంటే బండ, కాలిస్తే సిమెంటు. కాల్చి, పొడి కొట్టి, మల్లా రాయి మాదిరి కనపడేకి రంగు పూస్తారంటనా!'

ఆయన చదివింది అయిదో తరగతి. కానీ చెప్పింది భూగర్భశాస్త్రం. బేలం గుహ సున్నపురాయి. లక్షల ఏళ్లుగా నీళ్లు ఆ రాయిని కరిగించి దారులు తొలిచాయి. మన ఇంట్లో కాలి కింద ఉండే నాపబండా సున్నపురాయే. సిమెంటుకు మూలమూ అదే. మట్టి కలిపి దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తేగాని సిమెంటు కాదు. బండకు ఆ మంట అక్కర్లేదు. భూమిలో పొరలు పొరలుగా ఉంది, లేపి పరిస్తే చాలు.

మన పాత మిద్దెలు చేసింది అదే. మందపాటి రాతి గోడలు, దూలాల మీద దంతెలు, వాటిమీద బండలు, ఆ పైన చౌడు మట్టి. వెలుతురుకు కప్పులో ఓ గవాచి. బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లగా ఉండేది. దూరం నుంచి చూస్తే ఊరు నేలలోంచే మొలిచినట్టుండేది. అలాంటి రాతి సావడి ఒకటి గుహ దగ్గరుంటే ఎవరికీ కొత్తగా అనిపించదు. గవాచి కింద నిలబడి పైకి చూసినవాడికి, గుహలోంచి పైకి చూస్తే కనిపించే ఆకాశం ముందే తెలుసు.

ఇది పాతకాలం మీద మోజు అనుకోకండి. ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గర్లో, స్పెయిన్‌కు చెందిన లాంజరోటే అనే ద్వీపం ఉంది. అగ్నిపర్వతాల నేల. సీమలాగే వానకు మొహం వాచిన చోటు. అక్కడ పుట్టిన కళాకారుడు సెసార్ మన్రికే 1960ల్లో న్యూయార్క్ వదిలి సొంతూరు చేరాడు. ఎత్తయిన భవనాలు, రోడ్డు పక్క ప్రకటన బోర్డులు వద్దని పోరాడాడు. 1973లో సముద్రం మీదికి ఉన్న ఓ కొండ అంచున ఆయన ఆధ్వర్యంలో 'మిరదోర్ దెల్ రియో' అనే చూపుగది తయారైంది. కొండలో ఒదిగిపోయి, పైన రాళ్లు కప్పుకుని ఉంటుంది. దగ్గరికెళ్తేగాని అక్కడ కట్టడం ఉందని తెలియదు. లోపలికెళ్తే పెద్ద అద్దాల్లోంచి సముద్రమంతా కళ్లముందుంటుంది. ఆయన 1992లో పోయాడు. ఆయన చేసిన చోట్లను చూడ్డానికి జనం నేటికీ వెళ్తున్నారు.

దీపాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. గుహలో చీకటి లోటు కాదు, అది గుహ సొత్తు. ఎడతెగకుండా దీపం వెలిగిన చోట రాతి మీద పచ్చటి పాచి పుడుతుంది. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. మనుషుల ఊపిరికి, దీపాలకు ఆదిమానవుల బొమ్మలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. చూడ్డానికి వచ్చిన మనమే చూసేదాన్ని పాడుచేయగలం.

చౌడు మిద్దెతో ఇబ్బందులు లేకపోలేదు. ఏటా వానలకు ముందు కప్పు మీద మట్టి చూసుకోవాలి, లేకపోతే కారుతుంది. చూసుకోవాలంటే పని తెలిసిన చేతులుండాలి. అసలు బాధ అక్కడే. బేతంచెర్ల బండలు లారీలెక్కి దూరాలు పోతున్నాయి. వాటితో మిద్దె కట్టడం తెలిసినవాళ్లు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. పెదనాయన మిద్దె కట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన కొడుకు బెంగళూరులో స్లాబుల పనికి పోతాడు. పర్యాటకుల కోసం కట్టే నాలుగు గదులైనా ఈ రాతితో, ఈ చేతులతో కట్టిస్తే, చూడ్డానికి వచ్చినవాళ్లకు నీడతోపాటు ఇక్కడివాళ్లకు కూలీ దొరుకుతుంది. పని మరో తరానికి అందుతుంది.

తిరుగు ప్రయాణంలో మావాడు చాలాసేపు మాట్లాడలేదు. డోన్ దగ్గరపడ్డాక, 'తాతా, నువ్వు కట్టిన మిద్దె ఒకటి చూపిస్తావా?' అన్నాడు.

పాతూరి సందులో ఒకటి మిగిలుంది. ఇంటివాళ్లు తలుపు తీశారు. గవాచిలోంచి ఎండ గుండ్రంగా నాపబండ మీద పడింది. వాడు చెప్పులు విప్పి బండ మీద కాలు పెట్టి, 'భలే చల్లగా ఉంది మామా' అన్నాడు.

చూడ్డానికి ఏముందని వాడు మళ్లీ అడగలేదు.