బీరువాలో ఉంటే చాలదు

పుస్తకం హస్తభూషణం అంటారు పెద్దలు. కానీ అది ఉన్నట్టే ఎవరికీ తెలియకపోతే బీరువాకే భూషణం!

మిత్రులారా! డిగ్రీ మొదటి సంవత్సరంలో ఎకనామిక్స్ పుస్తకం కొనలేక, హాస్టల్లో సీనియర్ల నోట్సు ఎత్తి రాసుకుని చదివాను. పరీక్షలయ్యాక తెలిసింది, అదే పుస్తకం మా కాలేజీ లైబ్రరీలో నాలుగు కాపీలు ఉన్నాయని. నేను అడగలేదు కనుక వాళ్లు ఇవ్వలేదు. ఉందని తెలియదు కనుక నేను అడగలేదు. కొనుక్కోగలిగిన వాళ్లకు దీనివల్ల నష్టం లేదు. నష్టపోయేది మనలాంటి వాళ్లమే.

ప్రతి పుస్తకమూ దాని పాఠకుణ్ణి చేరాలని ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే సూత్రంగా చెప్పారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలో పడవ మీద ఊరూరికీ పుస్తకాలు తీసుకువెళ్లారు. ఆనాడు పుస్తకమే పాఠకుడి ఊరికి వచ్చింది. ఈనాడు దాని పేరైనా గడప దాటి రావడం లేదు!

మనం కోరేది పెద్ద ఖర్చు కాదు. నెలకొకసారి కొత్త పుస్తకాల పేర్లు, రచయిత, అందులో ఏముందో రెండు వాక్యాలు, బీరువా నంబరు రాసి లైబ్రరీ గుమ్మం దగ్గర, మన భోజనశాలలో అంటించాలి. అదే కాగితం ఫోటో తీసి తరగతి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాలి. లైబ్రేరియన్ గారు ఒక్కరే ఎంతని చేస్తారు? అందుకే రాసే పని మనం తీసుకుందాం. చదివిన వాళ్లే ఆ రెండు వాక్యాలు రాస్తే మరీ మంచిది.

వచ్చే ఏడాది చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు నాలా పరీక్షలయ్యాక తెలుసుకోకూడదు.