కాళ్ల సూపు గిన్నెలోనే తెల్లవారకూడదు

ఎముక విరిగినవారికి మేక కాళ్ల సూపు పట్టడం మన ఇళ్లలో మామూలే. పెద్ద గిన్నెడు కాచి, పడుకునే ముందు మరో పొంగు రానిచ్చి, మూతపెట్టి పొయ్యిమీదే వదిలేస్తారు. "మరిగిందిగా, ఇంకేమవుతుంది?" అంటారు. ఆ ధీమాయే నాకు భయం. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి బీజాలు మరిగినా చావవు. సూపు గోరువెచ్చబడగానే మేల్కొని గంటల్లో లక్షలవుతాయి. లోతైన గిన్నె నడుమ ఆ వెచ్చదనం చాలాసేపు వదలదు మరి! మంచం దిగలేని మనిషికి విరేచనాలు పట్టుకుంటే ఎంత అవస్థో, సేవచేసే ఆడవాళ్లనడగండి. పొద్దున మళ్లీ మరిగిస్తాం అంటారా? కొన్ని క్రిములు వదిలిన విషం మరిగించినా పోదు.

సూపును వెడల్పాటి గిన్నెల్లోకి 2 అంగుళాల లోతున పంచి, చన్నీళ్ల పళ్లెంలో ఉంచి కలపండి. దించిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో చేర్చండి. కాస్త వెచ్చగా ఉన్నా ఫ్రిజ్‌కేమీ కాదు. తాగేంతే తీసి, పొగలు కక్కేలా మరిగించండి.

ఫ్రిజ్ లేనివారు ఏ పూటకాపూటే కాచుకోవాలి. మిగిలితే ఆ రాత్రే పక్కింటికి పంపండి, ఖరీదుపెట్టి కొన్న కాళ్లని అత్తగారు గొణిగినా సరే.