వంశధార యొడ్డున రాజధాని

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి ఉద్యోగార్థమై ఐరోపా ఖండమునకు వెళ్ళిన పిల్లలు తమ తల్లిదండ్రులను వేసవిలో పిలిపించుకొని రోము, ఏథెన్సు నగరములను చూపించుట ఇటీవల సామాన్య విషయమైనది. ఉద్దానపు కొబ్బరితోటల నీడలో జీవితమంతా గడపి, కాశీ రామేశ్వరములతో తమ యాత్రలు ముగిసినవనుకొన్న పెద్దలు, అచ్చటి యెండలో బారులు తీరి నిలిచి, టిక్కెట్టు కొని, చెవికి తగిలించుకొన్న యంత్రము చెప్పునది విని, ఇరువది శతాబ్దుల నాటి విరిగిన స్తంభమును తదేకదృష్టితో చూచి, తిరిగివచ్చిన పిదప ఇరుగుపొరుగులకు దాని కథను వర్ణించి చెప్పుచున్నారు. ఇది సంతోషింపదగినదే. అయితే అదే పెద్దలు శివరాత్రికి శ్రీముఖలింగమునకు వెళ్ళి, మధుకేశ్వరుని దర్శించి, వంశధారలో చక్రతీర్థ స్నానమాడి, తాము నిలిచిన నేల కొన్ని శతాబ్దుల పాటు కళింగ దేశమునకు రాజధానియై యుండెనను ఎఱుక లేకుండనే ఇల్లు చేరుచున్నారు. విరిగిన స్తంభమునకు దక్కిన శ్రద్ధ నిలిచియున్న దేవాలయమునకు దక్కకపోవుట నాకు వింతగా తోచుచున్నది.

మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని కొలిచిన తూర్పు గంగరాజులు, మొదట దంతపురము నుండియు, పిదప కళింగనగరము నుండియు తమ తామ్రశాసనములను వెలువరించిరి. 1038లో పట్టాభిషిక్తుడైన వజ్రహస్తుని కాలమునకు ఆ వంశము ఔన్నత్యమునందుకొనెను. అతని మనుమడు అనంతవర్మ చోడగంగదేవుడు 1078లో సింహాసనమెక్కి, డెబ్బది యేండ్లకు దగ్గరగా పరిపాలించి, రాజ్యమును ఇటు గోదావరి వైపునకును అటు గంగానది వైపునకును విస్తరింపజేసి, పూరీలో జగన్నాథుని మహాలయ నిర్మాణమునకు కారకుడయ్యెను. రాజ్యము ఉత్తరమునకు పెరిగినకొలది పాత రాజధాని దక్షిణమున మిగిలిపోయినది. 12వ శతాబ్దిలో రాజపరివారము మహానది యొడ్డుననున్న కటకమునకు తరలినది. కొలువు పోయినది కాని దేవుడు కదలలేదు. కళింగనగరము జలుమూరు మండలములోని ఒక పల్లెయై, పేరు సైతము మఱచిపోయి, ముఖలింగముగా మిగిలినది. ఇందుకు చిన్నబుచ్చుకొనవలసిన పనిలేదు. లోకమంతయు పొగడు ఏథెన్సు సైతము 1834లో క్రొత్త గ్రీకు రాజ్యమునకు రాజధాని యగునాటికి చిన్న ఊరే.

మఱచిన పేరును తిరిగి చెప్పినవాడు ఏ సీమనుండియో వచ్చినవాడు కాడు. ముఖలింగమునకు సమీపముననే, వంశధార యొడ్డుననున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండగా, ఈ యాలయపు గోడలపై నున్న ప్రాచీన లిపిని స్వయంకృషితో నేర్చుకొని చదివి, కళింగనగరమనగా సముద్రతీరమునందలి కళింగపట్టణమేనని కొందరు పండితులు తలంచుచున్న కాలమున, ఈ పల్లెయే ఆ మహానగరమని నిరూపింప బూనెను. నరసన్నపేట ప్రాంతమందలి నడగాములో దొరకిన వజ్రహస్తుని తామ్రశాసనమును, శక సంవత్సరము 979 నాటిదానిని, ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున పరిష్కరించి ప్రకటించినదియు ఆయనయే. 1919లో సాలిహుండము కొండమీది బౌద్ధక్షేత్రమును లోకము దృష్టికి తెచ్చినదియు ఆయనయే. (ఏ గ్రాంథికముపై ఆయన జీవితకాలము పోరాడెనో ఆ గ్రాంథికముననే ఆయనను స్తుతించుచున్న నన్ను ఆయన అభిమానులు మన్నింతురుగాక.) వ్యావహారిక భాషోద్యమమునకై ఆయన విగ్రహమునకు ప్రతి ఆగస్టు 29వ తేదీన పూలమాల వేయు మన జిల్లా, ఆయన చదివిన గోడను మాత్రము చదువలేదు.

ఆ గోడ యేమి చెప్పుచున్నదో స్థూలముగా మనవి చేసెదను. మధుకేశ్వరాలయపు స్తంభములపైనను గోడలపైనను సంస్కృతమునను తెలుగునను చెక్కిన శాసనములు నూటికి మించి యున్నవి. దండయాత్రల వర్ణనలను ఆశించి పోయినవానికి అవి కొంత నిరాశను కలిగింపవచ్చును. వానిలో పెక్కింటి విషయము దీపము. ఫలానా అధికారి, ఫలానా అధికారి భార్య, స్వామి సన్నిధిని అఖండదీపము వెలుగుటకై ఇంత ధనమునో, ఇన్ని పశువులనో సమర్పించి, ఆ ధర్మమును నడపు బాధ్యతను ఫలానావారికి అప్పగించెనని వ్రాసియున్నది. రాజుల వంశావళి పుస్తకములలో దొరకును కాని, ఒక రాజధానిలో ఎవరికెంత యుండెను, ఎవరు ఎవరిని నమ్మిరి, నేయి ఎచ్చటినుండి వచ్చెను అను సంగతులు దొరకునది ఇట్టి చిన్న శాసనములలోనే. వీనిని నేను గోడవద్ద నిలిచి చూచుచుండగా కొబ్బరికాయలమ్ము వృద్ధురాలొకతె, "ఏటి బాబూ, దేవుడు లోపలుంటే గోడకాడ నిలబడిపోనారేటి?" అని యడిగినది. శాసనము చదువ యత్నించుచున్నానంటిని. "సదవడానికొస్తాదేటది? మా తాతలకాడ్నుంచీ ఎవులికీ రానేదు" అని నవ్వినది. ఆమె పలికినది పరిహాసము కాదు, స్థితి. శాసన పాఠములు 1925లో అచ్చయిన దక్షిణ భారత శాసనముల ఐదవ సంపుటమున ఉన్నవి. ఆ సంపుటము గ్రంథాలయములలో ఉన్నది. గోడ ఇచ్చట ఉన్నది.

"ఇది దేవాలయము, మ్యూజియము కాదు, చూచుటకు వచ్చువారి రద్దీతో దీనిని పాడుచేయవలదు" అని కొందరు పెద్దలు చెప్పుదురు. వారి మాటలో సగము సత్యమున్నదని నేను మనస్ఫూర్తిగా అంగీకరింతును. రోము నగరమున పాంథియన్ అను ప్రాచీన దేవాలయము నేటికిని పైకప్పుతో సహా నిలిచియుండుటకు ముఖ్యకారణము, 609లో దానిని క్రైస్తవ ప్రార్థనాలయముగా మార్చుట. పూజ సాగినచోట రాయి నిలిచినది. పూజయు కొలువును పోయిన ఫోరమ్ ప్రాంతము రాతిగనియై, కడకు పశువులు మేయు బయలై, ఆ పేరుతోనే శతాబ్దులు పిలువబడినది. మఱి ఏథెన్సులోని పార్థెనాన్ దేవాలయముగా, చర్చిగా, మసీదుగా ఉన్నంతకాలము నిలిచి, తురుష్కులు మందుగుండు దాచుకొనగా 1687లో వెనిస్ సైన్యపు ఫిరంగిగుండు తగిలి బ్రద్దలైనది. కావున ముఖలింగమున అర్చకుడు వెలిగించు దీపమే ఆ శిల్పములకు వేయేండ్లుగా ప్రథమ రక్షకుడని నా నిశ్చితాభిప్రాయము. పురావస్తు శాఖవారి నీలిబోర్డు తరువాత వచ్చినది.

అయితే తక్కిన సగమును వారు చూచుట లేదు. పాంథియన్‌లో నేటికిని ప్రార్థన జరుగును. దాని నుదుటనున్న పెద్ద యక్షరములను ఇటలీ బాలురు చదివి, అగ్రిప్ప కట్టించినట్లు అందు వ్రాసియున్నను నేటి కట్టడము హాడ్రియన్ కాలమున పూర్తియైనదని ఉపాధ్యాయుని వలన తెలిసికొందురు. భక్తికి అది అడ్డు రాలేదు. మన మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును రక్షిత కట్టడములే. ఊరి మొగదలనే ముఖమండపమైనను లేక ఒంటిగా నిలిచిన సోమేశ్వరాలయపు ద్వారమున గంగాయమునలను, పైన గ్రహములను చూచి దాటిపోవు భక్తునకు, అవి ఏమియో చెప్పు ఒక తెలుగు పలక ఉండిన, స్వామి యేమియు కోపింపడు.

మ్యూజియము మాట వచ్చినది కావున నా పక్షపాతమును దాచుకొనను. వస్తువును పుట్టినచోటి నుండి దూరముగా తీసికొనిపోయి భద్రపరచుట కంటె, చోటును దాని వస్తువులతో కలిపి చూపుట మేలు. పార్థెనాన్ శిల్పములలో పెద్దభాగము 1816 నుండి లండనులోని బ్రిటిష్ మ్యూజియమున ఉన్నది. వానిని తిరిగి పొందవలెనని గ్రీకులు చేయు వాదమునకు బలమునిచ్చినది, ఆ కొండ పాదముననే 2009లో తెరచిన క్రొత్త మ్యూజియము. ఏథెన్సున భూగర్భ రైలుమార్గము త్రవ్వునపుడు బయల్పడిన కుండలను, సమాధులను, నీటి గొట్టములను అదే స్టేషను గోడలలో అద్దముల వెనుక అమర్చిరి; ఆఫీసునకు పోవు గుమాస్తా ప్రతిదినము రెండువేల యేండ్లను దాటి రైలెక్కుచున్నాడు. మనకు అంత వ్యయము అక్కరలేదు. సాలిహుండమున, వంశధార దక్షిణపు టొడ్డున కొండపై, స్తూపములు చైత్యములతో పాటు తార, మారీచి విగ్రహములు దొరకినవి, స్ఫటిక ధాతుపేటికలు దొరకినవి. అచ్చట ఒక చిన్న మ్యూజియమును కలదు. కొండపైనుండి చూచిన నదియు, దూరమున సముద్రపు గీతయు కనబడును. ఓడలపై వచ్చిన భిక్షువు ఇచ్చట ఏల ఆగెనో గ్రంథము చదువకయే తెలియును.

సముద్రము మాట కూడ చెప్పక తప్పదు. ప్లినీ అను రోమక పండితుడు క్రీస్తు శకము 1వ శతాబ్దిలో వ్రాసిన ప్రకృతి చరిత్రలో, కళింగుల రాజునకు 60,000 కాల్బలమును, 1,000 గుర్రములును, 700 ఏనుగులును రక్షణగా ఉండునని చెప్పి, వేరొకచోట దండగుడ యను పట్టణమును పేర్కొనెను. అది దంతపురమేనని కొందరి యూహ. ఆ దంతపురము సరుబుజ్జిలి వద్దనున్న దంతవక్త్రుని కోటయేనని మన ప్రాంతపు నమ్మకము. అందు పండితులకు భేదాభిప్రాయములున్నవి, ఉండనిండు. పొలముల నడుమ వలయాకారముగా లేచిన ఆ మట్టిగోడపై నిలిచినవాడు మాత్రము, ఇది యొక సామాన్యమైన దిబ్బయని చెప్పజాలడు. నేడు మన పెద్దలు చూడబోవుచున్న రోము నగరమున, మన దేశపు ఏనుగుల లెక్క అప్పటికే తెలిసియుండెనన్నమాట.

విజయనగరము సంగతి వేరు. 1713లో కట్టనారంభించిన కోటలో నేడు చదువు సాగుచున్నది. 1919లో వెలసిన సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులై కూర్చున్న చోటనే నేటికిని బాలురు సరళీస్వరములు సాధన చేయుచున్నారు. పని చేయుచున్న కట్టడమునకు మ్యూజియము అవసరము తక్కువ. ఆ ఊరివారు గురజాడవారి యింటిని బడిపిల్లలకు చూపించుకొనిన చాలును. రామతీర్థమున మాత్రము, రాముని దర్శించినవారిలో నూటికొకరైనను ఎదుటి గురుభక్తులకొండ నెక్కి బౌద్ధ శిథిలములను చూచుట లేదు.

కావున ప్రభుత్వమునకును, జిల్లాల విద్యాధికారులకును నా మనవి కోటల వలె పెద్దది కాదు. కళింగపట్టణమున దీపస్తంభము వద్ద బయలుదేరి, సాలిహుండము, దంతవక్త్రుని కోట, ముఖలింగములను ఒక పగటిలో చూపి సాయంకాలమునకు తిలారు స్టేషనుకు గాని, శ్రీకాకుళమునకు గాని చేర్చు బస్సొకటి ఆదివారములందు నడుపవచ్చును. సుందరీకరణమను పేరిట రంగులు పూయుట, గ్రానైటు పలకలు పరచుట, రాతిని యంత్రములతో గీకుట మాత్రము చేయవలదు. చేసినచో శాసనములు చదువ గోడ మిగులదు. శాసనముల నకళ్ళు మైసూరులోని పురావస్తు శాఖ కార్యాలయమున భద్రముగా నున్నవి. వచ్చు శివరాత్రికి, చక్రతీర్థము నాటికి, ఆలయమునకు కొంచెమెడముగా ఒక చలువపందిరి వేసి, పదిపన్నెండు శాసనముల నకళ్ళను నిలువెత్తున వ్రేలాడగట్టి, క్రింద నేటి తెలుగులో, అనగా గిడుగువారు కోరిన తెలుగులో, వాని యర్థమును వ్రాయించి, నరసన్నపేట, టెక్కలి, పాతపట్నం కళాశాలల చరిత్ర విద్యార్థులను చదివి చెప్పుటకు నిలుపవలెను. స్నానమునకు ఒడియా సీమనుండియు జనము వచ్చును గనుక ఒడియాలోను అర్థము వ్రాయించుట మఱువరాదు. చోడగంగదేవుడు వారికిని రాజే.