ఆటల సీడీలు అటక యెక్కకముందే

మన హోసూరు, కృష్ణగిరి యిళ్ళలో పాత సామాన్లు సర్దేటప్పుడు పెళ్ళి వీడియో సీడీల మధ్య, అడుగున నల్లగా మెరిసే బిళ్ళలు కొన్ని కనిపిస్తూ వుంటవి. అవి 1994లో జపానులో వెలువడిన ప్లేస్టేషన్ యంత్రపు ఆటలు. ఆనాడు వాటితో ఆడిన కుర్రవాళ్ళు నేడు బిడ్డల తండ్రులు. తమ ఆటను పిల్లలకు చూపుదామంటే బిళ్ళ తిరుగుతుందిగాని ఆట రాదు. "ఆటలకింత ఆరాటమా?" అని పెద్దలు నవ్వవచ్చు. గ్రామఫోను ప్లేట్లను మెత్తని గుడ్డతో తుడిచి దాచినవారమే గదా మనం!

సీడీకి అడుగున గీత పడితే మెరుగు పెట్టి బాగుచేయవచ్చును. పేరు అచ్చువేసిన పైవైపు లోతుగా గీచుకున్నదా, యిక ఆశ తక్కువ. అద్దంవంటి పొర ఆ రంగు క్రిందనే వున్నది. కనుక చదవగలిగి వుండగానే నకలు తీసుకోవలెను.

నకలంటే ఫైళ్ళను యీడ్చి వేరొకచోట పడవేయడం కాదు. 74 నిమిషాల సీడీలో 3,33,000 గళ్ళు, గడికి 2352 బైట్లు వుంటవి. మామూలు ఐఎస్ఓ నకలు గడికి 2048 బైట్లే తీసుకుంటుంది. ప్లేస్టేషన్ ఆటల్లో పాటలు, కదిలే బొమ్మలు ఆ హద్దు దాటి వుంటవి. అట్టి నకలులో ఆట నడిచినా పాట మూగపోవచ్చు. అందుచేత గడి మొత్తాన్ని బిన్ ఫైలుగాను, యే పాట యెక్కడ మొదలో చెప్పే చిన్న చీటీని క్యూ ఫైలుగాను తీయవలెను. ప్లేస్టేషన్ 2 డీవీడీలకు యీ చిక్కు లేదు, ఐఎస్ఓ చాలును.

బొమ్మలూ బొత్తాలూ లేని తెరమీద ఆజ్ఞ టైపుచేసే పాత పద్ధతే యిక్కడ మాకు నచ్చినది. మేమ్ అనే ప్రోగ్రాముతో వచ్చే సీహెచ్‌డీమాన్‌కు "క్రియేట్‌సీడీ" అని చెప్పి క్యూ ఫైలు పేరిస్తే, వొక్క బైటు పోకుండా అంతా కుదించి వొకే ఫైలు చేస్తుంది. "ఎక్స్‌ట్రాక్ట్‌సీడీ" అంటే తిరిగి విప్పుతుంది. "వెరిఫై" అంటే ఆ ఫైలు చెడిందో లేదో తేల్చుతుంది. నలభై ఆటలున్నా, అన్నిటికీ వర్తించే వొక్క వరుస ఆజ్ఞ వ్రాసి మీరు భోజనానికి కూర్చోవచ్చు. బొత్తాలు నొక్కేవారు నలభైసార్లు నొక్కవలసినదే. అయితే వెరిఫై ఫైలును చూస్తుందిగాని బిళ్ళను చూడదు. బిళ్ళను రెండుసార్లు చదివించి, రెండు బిన్ ఫైళ్ళ ఎస్‌హెచ్‌ఏ‌-1 సంఖ్యలు సరిపోలినవో లేదో చూడడం మంచిది.

మన కాపీరైటు చట్టం (1957) 52వ సెక్షను, న్యాయంగా చేతికి వచ్చిన ప్రోగ్రాముకు నష్టభయం చేత రక్షణ నకలు తీసుకోనిస్తున్నది. దానిని వూరంతా పంచిపెట్టమనలేదు సుమా!

నకలు తీసినంతమాత్రాన అసలు బిళ్ళను పాతసామాన్లవానికి వేయకండి. పెన్‌డ్రైవులు రెండు చేయించి, వొకటి హోసూరులో మీ దగ్గర, రెండవది కృష్ణగిరిలో బావమరిదిగారింట వుంచండి.