న్యాయస్థానం మెట్లెక్కిన మహారాజు

మతాధిపతి పెత్తనం భక్తుల విశ్వాసం మీద నిలబడుతుందా, లేక విశ్వాసం సడలిన తరువాత కూడా వారిని నోరెత్తనివ్వని సామాజిక కట్టుబాట్ల మీద నిలబడుతుందా అన్న ప్రశ్నకు, 1862లో బొంబాయి సుప్రీంకోర్టులో విచారణ జరిగిన ‘మహారాజ్ పరువునష్టం దావా’ ఇచ్చినంత స్పష్టమైన సమాధానం మన దేశ చరిత్రలో అరుదుగా దొరుకుతుంది. ఆ దావాలో వాది జదునాథ్‌జీ బ్రిజ్‌రతన్‌జీ మహారాజ్ అనే వైష్ణవ గురువు కాగా, ప్రతివాదులలో ముఖ్యుడు ఆ గురుపరంపరనే కొలిచే వర్తక కులంలో పుట్టి, ‘సత్యప్రకాశ్’ అనే గుజరాతీ వారపత్రికను నడిపిన కర్సన్‌దాస్ మూల్జీ. అంటే ఇది పరమతస్థుల దాడి కాదు, నాస్తికుల ఉద్యమం అంతకన్నా కాదు. శిష్యవర్గం లోపలి నుంచే పుట్టిన తిరుగుబాటు.

ఈ గురువుల వంశానికి తెలుగునాటితో సంబంధం ఉంది. వీరి సంప్రదాయమైన పుష్టిమార్గానికి స్థాపకుడైన వల్లభాచార్యుడు (1479–1531) తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన వంశీయులను గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలలో తైలంగ బ్రాహ్మణులుగానే పరిగణిస్తారు. భగవంతుని అనుగ్రహాన్ని ఈ సంప్రదాయం ‘పుష్టి’ అంటుంది. ఆ అనుగ్రహమే మోక్షకారణమని, దానికోసం సంసారాన్ని విడిచిపెట్టనక్కరలేదని బోధిస్తుంది. సన్యాసాన్ని పక్కనబెట్టి గృహస్థ జీవితానికి గౌరవమిచ్చిన ఈ బోధ వ్యాపారం చేసుకునే భాటియా, లోహాణా, వాణియా కులాల వారికి సహజంగానే నచ్చింది. అయితే గురుపీఠం కూడా గృహస్థుల చేతిలోనే ఉండడంతో అది వారసత్వపు ఆస్తి అయింది. వల్లభుని కుమారుడైన విఠ్ఠలనాథుని ఏడుగురు కొడుకుల సంతతిలో పుట్టిన ప్రతి మగబిడ్డా పుట్టుకతోనే గురువు. అతని పాండిత్యాన్ని గాని, శీలాన్ని గాని పరీక్షించే ఏర్పాటు ఎక్కడా లేదు. కాలక్రమంలో వీరిని ‘మహారాజులు’ అని పిలవడం, శ్రీకృష్ణుని ప్రతిరూపాలుగా పూజించడం ఆచారమైంది.

ఈ సంప్రదాయంలో చేరేవారు ‘బ్రహ్మసంబంధం’ అనే దీక్ష తీసుకుంటారు. తన దేహాన్ని, ప్రాణాన్ని, భార్యాబిడ్డలను, ఇంటిని, ధనాన్ని కృష్ణునికి సమర్పిస్తున్నానని శిష్యుడు ఆ సందర్భంలో పలుకుతాడు. ఆ సమర్పణ దేవునికే పరిమితమైనంత కాలం అది భక్తి భావనగానే ఉండిపోతుంది. దేవునికీ గురువుకూ భేదం లేదన్న మరో విశ్వాసం దానికి తోడైనప్పుడు మాత్రం, సమర్పించిన ధనాన్నీ మనుషులనూ అందుకోవడానికి కళ్లెదుట ఒక వ్యక్తి సిద్ధంగా ఉంటాడు. ధనం విషయంలో ఇది దాచిపెట్టని వ్యవహారం. బొంబాయి వర్తకులు తాము అమ్మే పత్తి, బట్ట, ధాన్యం వంటి సరకుల మీద ‘లాగా’ అనే రుసుమును తమంతట తామే విధించుకుని మహారాజుల మందిరాలకు చెల్లించేవారు. ఆ రుసుము ధరలో కలిసిపోతుంది గనుక, మహారాజు పేరైనా వినని కొనుగోలుదారుడు కూడా ఆయన భోగరాగాలకు తన వంతు చెల్లించినట్లే అయ్యేది. స్త్రీల విషయంలో జరుగుతున్నది మాత్రం అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతిగా ఉండేది. శిష్యుల ఇళ్లలోని స్త్రీలతో మహారాజులు సాగిస్తున్న సంబంధాలను గురించి గుసగుసలు ఎన్ని ఉన్నా, ఫిర్యాదు చేయడానికి ముందుకు వచ్చినవారు లేరు.

ఫిర్యాదు చేయకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదన్నది 1859 నాటి ఒక పత్రం వల్ల తెలుస్తుంది. మహారాజులను సాక్ష్యానికో సంజాయిషీకో న్యాయస్థానానికి పిలవడం మొదలుకాగానే, బొంబాయి మహారాజులలో ప్రముఖుడైన జీవన్‌లాల్‌జీ నాయకత్వంలో శిష్యుల చేత ఒక ఒప్పందం మీద సంతకాలు చేయించారు. మహారాజును ఎవరూ కోర్టుకు లాగకూడదు. ఆయనకు వ్యతిరేకంగా రాసినవారిని కులం నుంచి వెలివేయాలి. కోర్టు హాజరీ నుంచి మినహాయింపు కోసం ప్రభుత్వాన్ని అర్థించాలి. సంస్కర్తలు దీనికి ‘గులామీ ఖత్’, అంటే బానిసపత్రం అని పేరు పెట్టారు. వెలి అంటే వట్టి అవమానం కాదు. పిల్లలకు సంబంధాలు కుదరవు, పంక్తిలో చోటుండదు, ఇంట్లో చావు సంభవిస్తే మోసేవారు రారు, వ్యాపారంలో అప్పు పుట్టదు. మహారాజు నిజంగా దైవాంశ సంభూతుడే అయితే ఇటువంటి పత్రంతో ఆయనకు పనేమిటని అడగవచ్చు. ఆ మాట అడగగలిగిన వర్తకులే వరుసలో నిలబడి సంతకాలు చేశారు.

ఆ మరుసటి ఏడాది సూరత్ నుంచి బొంబాయి వచ్చిన జదునాథ్‌జీని కేవలం మూఢుడిగా చిత్రిస్తే చరిత్రకు న్యాయం జరగదు. ఆడపిల్లల చదువుకు మద్దతు పలికిన మహారాజుగా ఆయనను తొలుత సంస్కర్తలు కూడా ఆదరించారు. కవి నర్మద్‌తో వితంతు వివాహం మీద బహిరంగ చర్చకు ఆయన కూర్చున్నాడు; తమ పక్షాన ‘స్వధర్మవర్ధక్–సంశయఛేదక్’ అనే పత్రికను కూడా నడిపించాడు. సంశయాలను ఛేదించడం కూడా తన పని అని ఆ పత్రిక తన పేరులోనే చెప్పుకుంది. అయితే సంశయాలను ఛేదించడానికి పూనుకున్న గురువు, సంశయించడానికి శిష్యునికి హక్కుందని తెలియకుండానే ఒప్పుకున్నట్లవుతుంది. కర్సన్‌దాస్ ఆ అవకాశాన్ని వదులుకోలేదు. 1860 అక్టోబర్ 21న ఆయన ప్రచురించిన వ్యాసం, హిందువుల అసలు ధర్మానికీ ఇప్పటి పాషండ మతాలకూ పొంతన లేదని వాదిస్తూ, శిష్యుల భార్యలతో, కూతుళ్లతో మహారాజులు వ్యభిచరిస్తున్నారని జదునాథ్‌జీ పేరు పెట్టి మరీ ఆరోపించింది. దానికి జవాబుగా మహారాజు 1861లో 50,000 రూపాయలకు పరువునష్టం దావా వేశాడు. ఏ మహారాజునూ కోర్టుకు లాగకూడదని శిష్యులతో రాయించుకున్న వర్గం నుంచే ఒక మహారాజు తనంతట తానే కోర్టుకు రావడం, ఎదురు ప్రశ్నలకు ప్రమాణపూర్వకంగా బదులు చెప్పవలసిన స్థితిని కొనితెచ్చుకోవడం ఈ ఉదంతంలో కీలకమైన మలుపు.

విచారణకు ముందే భాటియా కులపెద్దలు సభ చేసి, మహారాజుకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవారిని వెలివేస్తామని తీర్మానించారు. సాక్షులను బెదిరించే కుట్రగా దీనిని పరిగణించి న్యాయస్థానం వారిలో తొమ్మిదిమందికి జరిమానా విధించింది. 1862 జనవరిలో మొదలైన అసలు విచారణలో, మహారాజును శిష్యులు దేవుడిగా కొలవరని, గురువుగా మాత్రమే గౌరవిస్తారని వాది పక్షం చెప్పుకోవలసి వచ్చింది. మందిరంలో ఊయలలో కూర్చోబెట్టి పూజలందుకునే మనిషి తరఫున కోర్టులో వినిపించిన ఆ వాదన, ఏ హేతువాది వ్యాసమూ చేయలేనంత పని చేసింది. ప్రతివాది పక్షాన సాక్ష్యమిచ్చిన వైద్యులు, వారిలో ఆనాటి ప్రసిద్ధ విద్వాంసుడు భావూ దాజీ కూడా ఉన్నాడు, మహారాజులకు సుఖవ్యాధుల చికిత్స జరిగిన సంగతిని బయటపెట్టారు. ఏప్రిల్ 22న వెలువడిన తీర్పులో ప్రధాన న్యాయమూర్తి సాస్, న్యాయమూర్తి ఆర్నౌల్డ్ ఇద్దరూ ఆరోపణలు రుజువయ్యాయనే ముఖ్యాంశం మీద ఏకీభవించారు. ప్రతివాదికి ఖర్చుల కింద 11,500 రూపాయలు దక్కాయి. నీతికి విరుద్ధమైనది మతశాస్త్రం దృష్టిలో మాత్రం సరైనది కాజాలదన్నది ఆర్నౌల్డ్ తీర్పు సారాంశం.

కర్సన్‌దాస్ వాదనలో ఒక బలహీనత ఉంది. దానిని దాటవేయడం హేతువాదికి తగదు. మహారాజుల మతం తప్పనడానికి ఆయన చూపిన ప్రధాన కారణం అది కొత్తదని, వేదశాస్త్రాలలో లేదని. పాతదైతే ఒప్పవుతుందా? వితంతువుకు శిరోముండనం విధించిన ఆచారానికి కూడా శాస్త్రప్రమాణం చూపగల పండితులకు ఆ కాలంలో కొదవ లేదు. ఒక ఆచారం వల్ల ఎవరికి హాని కలుగుతున్నదన్నదే అసలు ప్రశ్న అయినప్పుడు, గ్రంథం వయసును కొలబద్దగా పెట్టుకోవడం ఒక పెత్తనాన్ని కాదని ఇంకో పెత్తనాన్ని ఆశ్రయించడమే అవుతుంది. ఇంకా పెద్ద లోటు, హాని పొందినవారి గురించి. విచారణ అంతటా చర్చకు వచ్చినది స్త్రీల శరీరాలే అయినా, అందులో వినిపించినవన్నీ దాదాపు పురుషుల గొంతులే: వారి గౌరవం, వారి కులం పరువు, వారి ఇళ్ల మర్యాద. ఆ స్త్రీలు దీక్షకు ఇష్టపడి వచ్చారా, నిరాకరిస్తే వారికి ఇంట్లో ఏం జరిగేది, తీర్పు తరువాత వారి బతుకు ఏమైంది అన్నవి సంస్కర్తలకు గాని, సనాతనులకు గాని ముఖ్యమైన ప్రశ్నలుగా తోచలేదు.

తీర్పుతో మహారాజుల దైవత్వం దెబ్బతిన్నది గాని, కులం చేతిలోని వెలి అనే ఆయుధం మొద్దుబారలేదు. 1863లో ఇంగ్లండు వెళ్లివచ్చిన కర్సన్‌దాస్‌ను సముద్రం దాటిన నేరానికి కులం బహిష్కరించింది. కాఠియావాడ్ సంస్థానాలలో ఉద్యోగం చేస్తూ 1871లో, నలభై యేళ్లయినా నిండకుండానే ఆయన మరణించాడు. పదేళ్ల తరువాత, 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగానికీ, ఆ పెళ్లికి వెళ్లినవారికీ ఎదురైనది కూడా ఇదే బహిష్కారం. కోర్టు ఒక గురువును తప్పుపట్టగలదు గాని, వంటవాడిని, పురోహితుడిని, వియ్యంకుడిని ఇంటి గడప తొక్కించలేదు.

ఈ దావా ఆధారంగా తీసిన ‘మహారాజ్’ అనే హిందీ చిత్రం 2024 జూన్‌లో విడుదల కావలసి ఉండగా, తమ మనోభావాలు గాయపడతాయంటూ పుష్టిమార్గ అనుయాయులు కొందరు గుజరాత్ హైకోర్టు నుంచి తాత్కాలిక నిలుపుదల తెచ్చుకున్నారు. ఆంగ్లేయ న్యాయమూర్తుల తీర్పు హిందూ మతాన్ని దూషించిందన్నది వారి అభ్యంతరాలలో ఒకటి. న్యాయమూర్తి స్వయంగా చిత్రాన్ని చూసి, అందులో ఎవరి మనోభావాలనూ గాయపరిచేదేమీ లేదని తేల్చి జూన్ 21న విడుదలకు అనుమతించారు. 1862లో ఆరోపణలు అబద్ధమని వాదించడానికి మహారాజు కోర్టుకు వచ్చాడు. 2024లో వచ్చినవారు ఆ ఆరోపణలు నిజమా కాదా అన్న ప్రశ్న జోలికి పెద్దగా పోకుండా, వాటిని మళ్లీ ఎత్తకూడదని మాత్రమే కోరారు.